ఫ్లాపీకి బొట్టు

మా సుదర్శనం సార్ పోయి నెల దాటాక ఆయన కూతురు లలిత నాకు ఫోన్ చేసింది. "అక్కా, బాపు బీరువ సదురుతాన. ఒక బిస్కెట్ డబ్బ దొరికింది. మీద నీ పేరు రాసున్నది. జర వచ్చి తీస్కపోరాదు" అంది. నాకు ఆశ్చర్యం కంటే ముందు అనుమానం వచ్చింది. తన నోట్సు అట్ట మీద వేలు పెట్టినందుకే కట్టె స్కేలుతో మొట్టిన మనిషి నా కోసం ఏం దాచి ఉంటారు? నేను ఎప్పుడో కట్టాల్సిన జరిమానా తాలూకు చీటీ ఏదైనా ఉందేమో అనుకున్నాను. అయినా చనిపోయిన గురువు పేరు మీద పిలుపు వస్తే వెళ్ళకుండా ఉండే ధైర్యం నాకు లేదు. వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి హనుమకొండ చేరేదాకా, ఆ ట్రాఫిక్ పుణ్యమా అని, నాకు ఆ రోజులన్నీ నెమరువేసుకోవడానికి కావలసినంత సమయం దొరికింది.

సార్‌ది మొదట టైపు ఇన్‌స్టిట్యూట్. ఒక కిరాణా కొట్టు మీది గదుల్లో ఇరవై టైపు మిషన్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకలాడుతుండేవి. కింద కొట్టులోంచి ఎండు మిరపకాయల ఘాటు, పైన రిబ్బన్ల సిరా వాసన, రెండూ కలిసి మేం తుమ్ముతూనే లోయర్, హయ్యర్ పాసయ్యాం. ఒక వేసవిలో సార్ హైదరాబాద్ వెళ్ళి పదిహేను రోజులుండి, ఒక కంప్యూటర్‌నూ, దానికంటే బరువైన గాంభీర్యాన్నీ వెంటబెట్టుకొని దిగారు. బోర్డు మీద 'అండ్ కంప్యూటర్స్' అని చేర్పించారు. ఉన్నది ఒక్కటే. అయినా బోర్డు రాసేవాడికి అక్షరాల లెక్కన ఇవ్వలేదు కాబట్టి ధారాళంగానే రాయించారు.

ఆ ఒక్క కంప్యూటర్‌కు ఒక గది, ఆ గదికి ఒక ఏసీ, ఏసీకి ఒక నీలం పరదా. ఆ గదిలో అడుగుపెట్టాలంటే పాటించాల్సిన నియమాలు గుడికి కూడా లేవు. చెప్పులు మెట్ల కిందే విడవాలి. కాళ్ళు కడుక్కొని, గోనెపట్టా మీద తుడుచుకోవాలి. పౌడరు రాసుకోకూడదు, పూలు పెట్టుకోకూడదు, తలకు నూనె అసలే కూడదు. ఆడపిల్లలు నెలలో ఆ మూడు రోజులు రావద్దని సార్ భార్య మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది. మిషన్‌కు మడి అంత ముఖ్యమన్నమాట. అయితే ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం సార్ అత్తగారు కాపలా నెపంతో ఆ గదిలోనే చాప వేసుకొని గుర్రుపెట్టి నిద్రపోయేది. ఆమె తలకు పట్టించిన ఆముదం మిషన్‌కు ఎందుకు పడుతుందో అడిగేంత నోరు మాకెవరికీ లేదు.

మాది కొత్తవాడ, మగ్గాల ఇల్లు. ముందుగదిలో గుంతమగ్గం, వెనక వాకిట్లో రంగుల గోలేలు, దండెం మీద ఎర్రటి, నీలపు నూలు చిలపలు, అంటే నూలు కట్టలు. బాపు జంఖానాలు, నేల మీద పరిచే మందపాటి చారల తివాచీలు, నేసేవాడు. నేసిన జంఖానాను భుజాన వేసుకొని చేనేత సొసైటీలో ఇచ్చి వచ్చేవాడు. ఎన్ని నేసినా మా ఇంట్లో ఒక్క జంఖానా కూడా ఉండేది కాదు. మేం పాత చీరల బొంతల మీదే పడుకునేవాళ్ళం, అదేమీ విడ్డూరంగా కూడా తోచేది కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నా పని రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టడం. నేను కండె చుట్టి ఇస్తే బాపు దాన్ని నాడెలో పెట్టి ఇటు నుంచి అటు విసిరేవాడు. నా చెయ్యి ఆగితే ఆయన మగ్గం ఆగేది. అలాంటిది నేను కంప్యూటర్ నేర్చుకుంటానన్న రోజు అమ్మ నూలు విడదీస్తూనే ఒక గడువు పెట్టింది. "దసరా దాంక నీ కండెలు గుడ నేనే చుడ్త. దసరాకు కొలువన్న రావాలె, లేకపోతే నువ్వన్న వచ్చి ఈ పీట మీద కూసోవాలె" అంది. ఆమెకు కుడి భుజం అప్పటికే నొప్పి. ఆ ఐదు నెలలూ మా ఇంట్లో రంగుల వాసన మీద అమృతాంజనం వాసన ఎక్కింది. నేను పొద్దున పుస్తకం పట్టుకొని బయల్దేరినప్పుడల్లా వెనక రాట్నం చప్పుడు వినపడేది, ఆ చప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటే ఆమె భుజం అంత నొస్తున్నట్టు లెక్క.

ఇంతా చేసి నేను నేర్చుకుంటున్నది అట్టముక్క మీద. ముప్పై మందికి ఒకే మిషన్ కాబట్టి సార్ అట్టల మీద కీబోర్డు బొమ్మ గీయించి తలా ఒకటి ఇచ్చారు. మేం బెంచీల మీద కూర్చొని అట్ట మీద వేళ్ళతో కమాండ్లు కొట్టేవాళ్ళం. మరి అట్ట జవాబు చెప్పదు కదా, ఆ బాధ్యత సార్ తీసుకున్నారు. వరసల మధ్య తిరుగుతూ మా వేళ్ళ వంక చూసి, సరిగ్గా కొడితే, మిషన్ తెర మీద చూపినట్టే, "ఎ" అని ఆగి చేత్తో బాణం గుర్తు చూపేవారు. తప్పు కొడితే "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్!" అని అరిచి స్కేలుతో ఒకటి తగిలించేవారు. ఐదు నెలలు నాకు కంప్యూటర్ అంటే సుదర్శనం సారే. అసలు మిషన్ ముందు వారానికి పది నిమిషాలు, అదీ మగపిల్లల వంతు అయ్యాక, కరెంటు ఉంటే.

కమాండ్లు మాకు ఎక్కాల్లా వచ్చేవి. "డి ఐ ఆర్" అని సార్ అంటే "ఉన్నయన్ని చూపెడుతది!" అని మేం ముక్తకంఠంతో అరిచేవాళ్ళం. "సి డి" అంటే "అర్రల నుంచి అర్రలకు పోతది!" "ఎం డి" అంటే "కొత్త అర్ర కడ్తది!" ఫైళ్ళు దాచే గదులన్నమాట అర్రలంటే. కింద కొట్టువాడు మొదట్లో భయపడ్డాడు గానీ తర్వాత అతనికీ నోటికి వచ్చేశాయి. డిలీట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సార్ గొంతు తగ్గించి, శవం లేచిన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఫార్మాట్ అన్న మాటను ఆయన నోటితో అననే లేదు. బోర్డు మీద రాసి, మేం చూశామో లేదో, తుడిచేశారు. "ఇది ఉన్నదని తెలిస్తే చాలు. కొట్టుడు మాత్రం వద్దు" అన్నారు. కాపీ తీయడం నేర్పారు గానీ తీయనిచ్చేవారు కాదు. మిషన్‌ను లేపే డాస్ ఫ్లాపీ ఇన్‌స్టిట్యూట్ మొత్తానికి ఒక్కటే ఉండేది, హార్డ్ డిస్క్ అన్న మాట మేం వినలేదు. ఆ ఫ్లాపీకి ఇంకొకటి తీసి పెట్టుకొమ్మని హైదరాబాద్ వాళ్ళు చెప్పే పంపారట. సార్ లెక్క వేరు. "కాపీ తీసినకొద్దీ అసలు దాంట్ల సత్తువ తగ్గుతది" అనేవారు. మా అందరి దగ్గరా తలా ఒక కొత్త ఫ్లాపీ కొనిపించి, మా పేర్లు రాయించి, వాటిని కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు. అవి అక్కడే కన్నెపిల్లల్లా ఉండిపోయాయి.

ఆయన చెప్పిన వాటిలో ఒక్క మాట మాత్రం బంగారం లాంటిది. "మిషన్‌కు మనసుండదు. నువ్వు చెప్పింది చేస్తది, అనుకున్నది చెయ్యదు. తప్పు పోతే దాన్ని తిట్టకు, చెప్పినోన్ని తిట్టు" అని రోజూ చెప్పేవారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే బాపు నాడె ఆపి నవ్వాడు. "ఇది మా మగ్గం ముచ్చటనే గదనే. పడుగుల ఒక్క పోగు తప్పు ఎక్కించినవనుకో, మగ్గం 'తప్పు పోయినవ్ రా' అని చెప్తదా? ఆ తప్పునే ఆఖరు దాంక మంచిగ నేసి పెడ్తది" అన్నాడు. డిఐఆర్ గురించి చెబితే మరీ ముచ్చట పడ్డాడు. "ఉన్నయన్ని చూపెట్టుమంటే చూపెడ్తదా? అబ్బో! మా సొసైటీ ప్రెసిడెంట్‌ను గోదాంల నూలు చూపెట్టుమని ఎన్నేండ్ల సంది అడుగుతానమో. ఆయనకు గుడ నేర్పరాదు" అన్నాడు. అమ్మ రాట్నం ఆపకుండానే, "ముచ్చట్లు మస్తు చెప్తానవ్. దసరా దగ్గరకొచ్చింది" అని గుర్తుచేసింది.

నిజంగానే దసరా దగ్గరికి వచ్చేసరికి కొలువు కూడా దగ్గరికి వచ్చింది. పేరెందుకులెండి, ఒక పెద్ద ఆఫీసుకు కంప్యూటర్ శాంక్షన్ అయింది. దాన్ని నడిపేవాళ్ళు వాళ్ళ దగ్గర లేరు. పండుగ అయిన రెండో రోజు ఆఫీసరే స్వయంగా మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి పరీక్ష పెట్టి ఒకరిని తీసుకుంటాడని కబురు. సార్ ఇద్దరి పేర్లు ఇచ్చారు. ఒకటి నాది, రాజమణి. రెండోది సదానందంది. సదానందం రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, ఇంట్లో వ్యవసాయం. పొద్దున పొలానికి నీళ్ళు పెట్టి వచ్చేవాడు కాబట్టి ఒకసారి తొందరలో బురద చెప్పులతోనే నీలం పరదా దాటాడు. ఆ ఘోరాన్ని సార్ ఎన్నడూ మరిచిపోలేదు.

పండుగ ముందు రోజు ఆయుధ పూజ. మా వాడలో మగ్గానికి, రాట్నానికి, నాడెకు బొట్లు పెట్టినట్టే సార్ కంప్యూటర్‌కు పూజ పెట్టుకున్నారు. మానిటర్‌కు బంతిపూల దండ, సీపీయూ మీద కొబ్బరికాయ. ప్లగ్గుకు కూడా గంధం. బీరువాలో తాళం వేసిన మా కొత్తవి తప్ప, వాడుకలో ఉన్న ఫ్లాపీలన్నింటినీ తెల్ల కవర్లలోంచి బయటికి తీసి ఇత్తడి పళ్ళెంలో వరసగా పేర్చారు, అమ్మవారి చూపు నేరుగా పడాలని. మంత్రాలు అయ్యాక నా చేతికి కుంకుమ భరిణె ఇచ్చి, "అన్నిటికి బొట్టు పెట్టు రాజమణీ. ఒక్కదాన్ని గుడ వదలొద్దు" అన్నారు. నేను వదల్లేదు. మానిటర్ నుదుటి మీద పెట్టాను, ఏసీకి పెట్టాను, స్కేలుకు కూడా పెట్టాను. ఫ్లాపీల దగ్గరకొచ్చాను. ఆ కాలపు ఫ్లాపీ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, అరచేతి కంటే పెద్దగా, నల్లగా, పల్చగా, నలుపలకలుగా ఉండేది. మధ్యలో గుండ్రటి రంధ్రం. దాని కింద నిలువుగా ఒక చిన్న సందు, ఆ సందులోంచి లోపలి గోధుమరంగు రేకు మెరుస్తూ కనిపించేది. మిషన్ రాతను చదువుకునేది ఆ సందులోంచే. కానీ ఐదు నెలలు అట్టముక్కతో కాపురం చేసిన నాకు అదెలా తెలుస్తుంది? నిలువు నామం పెట్టడానికే వదిలినట్టున్న ఆ చోటు చూడగానే నా వేలు తనంతట తనే అక్కడికి వెళ్ళింది. తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ అద్ది, ఊడిపోకుండా ఉంగరపు వేలితో గట్టిగా నొక్కాను. డాస్ ఫ్లాపీ అన్నింటికీ పెద్దదిక్కు కాబట్టి దానికి కొంచెం ఎక్కువే పెట్టాను.

పండుగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సార్ డాస్ ఫ్లాపీని కళ్ళకద్దుకొని మిషన్‌లో పెట్టారు. బొట్టు కనిపించలేదా అంటే, కనిపించింది కాబట్టే కళ్ళకద్దుకున్నారు. ఎర్ర దీపం వెలిగింది. లోపల ఏదో గర్రు గర్రుమని గీరుకున్న చప్పుడు. తెర మీద 'డిస్క్ ఎర్రర్' అని వచ్చింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అదే. సార్ అగరొత్తులు ముట్టించారు. అత్తగారు మిరపకాయలతో దిష్టి తీసింది. మిషన్ మొండికేసింది. హైదరాబాద్‌కు ట్రంక్ కాల్ చేస్తే అవతల దసరా సెలవులు. రేపు పొద్దున పదింటికి ఆఫీసర్. సార్ ముఖం చూస్తే భయం కంటే జాలి వేసేది, ఆయన ఆ మిషన్ కోసం సగం టైపు మిషన్లు అమ్మేశారని మాకు తెలుసు.

"ఎవడో చెప్పులేసుకోని లోపలికి పోయిండు" అన్నారు సార్ చివరికి. అందరి చూపులూ సదానందం మీదకు వెళ్ళాయి. "నేను పోలే సార్. పండుగ పూట ఊళ్ళనే ఉన్న" అన్నాడతను. "అప్పుడొకసారి పోయినోనివి, ఇప్పుడు పోవని గ్యారంటీ ఏంది? రేపు పరీక్షకు రాకు. నీ పేరు కొట్టేస్తాన" అన్నారు సార్. అప్పుడే ఆయన ఆ ఫ్లాపీని బయటికి తీశారు. నేను ముందు బెంచీలో ఉన్నాను. సందులో నేను పెట్టిన బొట్టు అక్కడ లేదు. రేకు తిరిగినప్పుడు అది చుట్టూ పాకి, గోధుమరంగు మీద ఎర్రటి వలయాలు పడ్డాయి. నోరు మూసుకుంటే పరీక్షకు నేనొక్కదాన్నే, కొలువు నాదే, అమ్మ భుజానికి విశ్రాంతి. అబద్ధమెందుకు, ఒక నిమిషం పాటు నోరు మూసుకునే ఉన్నాను. సదానందం తన పుస్తకం, టిఫిను సర్దుకుంటున్నాడు. ఆ టిఫిను గిన్నె మూత సరిగ్గా పట్టక రెండుసార్లు జారింది. ఎందుకోగానీ అది చూసి ఉండబట్టలేకపోయాను.

"సార్, ఆయన కాదు. నేను" అన్నాను లేచి. "బొట్టు లోపలి రేకుకు అంటింది. నేనే పెట్టిన." సార్ ఫ్లాపీ వంక చూశారు, నా వంక చూశారు. "ఆడ ఎవలు పెట్టుమన్నరే నిన్ను?" అని అరిచారు. నాకూ రోషం వచ్చింది. "మీరే గద సార్ అన్నిటికి పెట్టుమన్నరు, ఒక్కదాన్ని గుడ వదలొద్దన్నరు. చెప్పింది చేసిన. చెప్పినోన్ని తిట్టుమని గుడ మీరే చెప్పిన్రు" అన్నాను. సార్‌కు వచ్చిన ఇబ్బంది చిన్నది కాదు. బొట్టు వల్ల చెడిపోయిందంటే అమ్మవారితో పేచీ, చెడిపోలేదంటే మిషన్ ఒప్పుకోదు. అత్తగారు నోటి మీద వేలేసుకొని, "బొట్టుతోని ఎవలన్న చెడిపోతరా?" అంది. దాంతో సార్ నేరం మార్చి, నేను ఎదురు మాట్లాడానని తేల్చారు. సదానందం పేరు ఉంచి నా పేరు కొట్టేశారు. బీరువా తీసి, నా పేరు రాసి ఉన్న కొత్త ఫ్లాపీని నా ఒళ్ళో పడేశారు. "నీది నువ్వు తీస్కపో. రేపు రాకు" అన్నారు. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచి డాస్ ఫ్లాపీని కూడా చేతిలో పెట్టారు. "పూజ చేసింది చెత్తల ఎయ్యద్దు. పొయ్యేటప్పుడు చెరువుల కలుపు" అన్నారు.

భద్రకాళి చెరువు కట్ట మీద రెండు ఫ్లాపీలు పట్టుకొని కాసేపు ఏడ్చాను. కలపబుద్ధి కాలేదు. ఇంటికి పోయేసరికి అమ్మ రాట్నం దగ్గర ఎడమ చేత్తో చక్రం తిప్పుతోంది. జరిగింది చెప్పాను. "నీ నోరు ఊకుండదానే? ఆ పిలగాడు నీకు ఏమైతడని?" అంది గానీ, వెంటనే, "మంచిపనే చేసినవ్ తియ్. కాళ్ళు కడుక్కో" అంది. బాపు మగ్గం గుంతలోంచి పైకి వచ్చి ఫ్లాపీని వేళ్ళ మధ్య పెట్టి తడిమాడు. "లోపల పల్చటి రేకున్నది. దానికి అంటింది కుంకుమ. గింతే గద? కడిగితె పాయె" అన్నాడు. "బాపూ, నీళ్ళు తగిల్తె ఖరాబైతదట. సార్ నీళ్ళ గిలాసను గుడ లోపలికి రానియ్యడు" అన్నాను. "ఇప్పుడేం బతికున్నదా? సచ్చినోనికి స్నానం చేపిచ్చుడు మన దగ్గర ఉన్నదే గద" అన్నాడు బాపు.

బోరు నీళ్ళు ముట్టనీయలేదు. వాటితో తడిపితే రంగు మీద తెల్లటి చార మిగులుతుందని మా వాడలో అందరికీ తెలుసు. రంగుల కోసం వానాకాలంలో పట్టి ఉంచిన వాన నీళ్ళ గోలెం మూత తీశాడు. నాది, కొత్తది, దాని అంచును బ్లేడుతో సన్నగా చీల్చి, లోపలి రేకును తీసి పక్కన పెట్టాడు. తర్వాత డాస్ ఫ్లాపీ అంచు చీల్చాడు. ఎర్ర వలయాలు పడిన ఆ రేకును వేలితో ముట్టుకోకుండా, మధ్య రంధ్రంలో కండె పుల్ల దూర్చి పైకెత్తాడు. పట్టునూలుకు వాడినట్టు ఒక్క చుక్క కుంకుడు రసం కలిపిన నీళ్ళలో దాన్ని ముంచి, నెమ్మదిగా తిప్పాడు. రెండోసారి, మూడోసారి వట్టి వాన నీళ్ళు. రుద్దలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన తన పాత ధోతి ముక్కతో అద్దాడు. అమ్మ నీడపట్టున పుల్లను పట్టుకొని, అది ఆరేదాకా, నొప్పి భుజంతోనే దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ కూర్చుంది. పొద్దు వాలేలోపల ఎరుపు పోయింది. బాపు ఆ రేకును నా పేరున్న కొత్త తొడుగులోకి దూర్చి, చీల్చిన అంచును సన్నటి సూదితో, జంఖానా అంచుకు వాడే నూలులోంచి ఒక్క పోగు విడదీసి, దగ్గర దగ్గర కుట్లతో కుట్టాడు. "బతుకుతదో లేదో నాకు ఎర్కలేదు బిడ్డా. ఇచ్చి రా. రావద్దన్నది నిన్ను, దీన్ని కాదు గద" అన్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆఫీసర్ వచ్చి ఉన్నాడు. ఆయన బూట్లు మెట్ల కింద మా చెప్పుల మధ్య విడిగా మెరుస్తున్నాయి. లోపల మిషన్ ముఖం మీద ముసుగు వేసి ఉంది. సార్ చెమటలు కక్కుతూ, అట్ట కీబోర్డు పట్టుకొని, కంప్యూటర్ అంటే ఏమిటో ఆఫీసర్‌కు థియరీ చెబుతున్నారు. సదానందం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నేను పరదా తీసి లోపలికి నడిచాను. "చెరువుల కలుపుమంటి గద!" అన్నారు సార్ పళ్ళ బిగువున. "గోలెంల కలిపిన సార్. చెరువు దూరమైంది" అని, ముసుగు తీసి, ఫ్లాపీ పెట్టి, స్విచ్చి వేశాను. ఎర్ర దీపం వెలిగింది. గర్రుమంది. నాకు అమ్మ చేతిలో తిరుగుతున్న పుల్లే కళ్ళ ముందు కనిపిస్తోంది. గర్రు ఆగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ రోజు తేదీ ఎంత అని అడిగింది. ఆ మిషన్‌కు గడియారం లేదు, లేచిన ప్రతిసారీ అలాగే అడిగేది. చచ్చి బతికినవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న అదే అనిపించి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

ఎ పక్కన బాణం గుర్తు మిణుకుమంది. సార్ దండం పెట్టారు, ఆయన్ను చూసి ఆఫీసరూ పెట్టాడు. నాకు ఒక్కటే భయం, ఇది మళ్ళీ పోయేలోపల ఇంకొకటి తీయాలి. "సదానందం, నీ కొత్త ఫ్లాపీ తే" అన్నాను. సార్ వద్దనేలోపల అతను పరీక్ష కోసం తెరిచి ఉంచిన బీరువాలోంచి తీసి ఇచ్చాడు. డిస్క్‌కాపీ అని కొట్టాను, అట్ట మీద కొన్ని వందల సార్లు కొట్టిన ఆ మాటను మొదటిసారి నిజంగా కొట్టాను. మిషన్ మళ్ళీ గీరుకుంది. చదవలేకపోతున్నాననీ, అబార్టా, రీట్రైనా, ఇగ్నోరా అనీ అడిగింది. మానేయమంటావా, మళ్ళీ చూడమంటావా, పోనిమ్మంటావా అని. నా ఇరవై ఏళ్ళలో నన్ను ఎవరూ అంత మర్యాదగా మూడు దారులు చూపించి ఏది కావాలని అడగలేదు. ఆర్ నొక్కాను. మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ నొక్కాను. "గదే ఎందుకు నొక్కుతానవమ్మా?" అన్నాడు ఆఫీసర్. "మళ్ళ చూడుమంటాన సార్. పోగు తెగితే మగ్గం వదిలిపెట్టి పోం గద" అన్నాను. ఐదోసారికి చదివింది. సదానందం ఫ్లాపీలోకి మొత్తం ఎక్కింది. అప్పుడు ఆఫీసర్ జేబులోంచి ప్రశ్నల కాగితం తీసి, దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అందరు దీనికి మొక్కుతాన్రు. పని చేసేది ఈ పిల్లొక్కతే" అన్నాడు.

అలా నాకు కొలువు వచ్చింది. ఆఫీసు కంప్యూటర్ మొదటి ఏడాదంతా పట్టు ముసుగు కింద ఉండిపోయిందనీ, ఏసీ శాంక్షన్ కాలేదు కాబట్టి నేను దాని పక్కన కూర్చొని టైపు మిషన్ కొట్టాననీ ప్రత్యేకంగా చెప్పక్కరలేదు. ఇప్పుడు అందరి జేబుల్లో మిషన్లే. బాత్‌రూముల్లోకి కూడా తీసుకెళుతున్నారు, మడి సంగతి దేవుడెరుగు. మొన్న పెన్షన్ పని మీద పోతే ఒక పిల్లవాడు తల ఎత్తకుండా "సర్వర్ డౌన్" అన్నాడు. ఆ మాటలో రీట్రై లేదు, ఇగ్నోర్ లేదు. తప్పు చేస్తే తప్పని ముఖం మీదే చెప్పిన ఆ నల్లటి తెర నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. అమ్మ మాత్రం నా మొదటి జీతం నెల నుంచే రాట్నం దగ్గర ఒకరిని పెట్టుకుంది. సదానందం పంతులు అయ్యాడు, ఇప్పటికీ దసరాకు ఫోన్ చేసి "ఎన్నింటికి పెట్టినవ్ బొట్లు?" అని అడుగుతాడు. సార్ మీద నాకున్న కోపమల్లా ఒక్కటే. ఆ రోజు పరీక్ష అయ్యాక నా పేరున్న ఆ ఫ్లాపీని నాకు ఇవ్వమంటే, "ఇది ఇన్‌స్టిట్యూట్‌ది" అని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. శభాష్ అని ఒక్క మాట కూడా అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, ఆ మెట్లు ఎక్కనూ లేదు.

లలిత డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే ముందు ఎండిన వేపాకులు. పురుగు పట్టకుండా ఫ్లాపీకి వేపాకులు! వాటి కింద దూది, దూది కింద తెల్ల కవరు, కవరులో అది. చీటీ మీద నా చేతిరాతతో నా పేరు. దాని కింద ఎర్ర సిరాతో సార్ చేతిరాత, 'బొట్టు పెట్టరాదు'. నేను పగలబడి నవ్వాను. లలితకు ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది. "బాపు దీన్ని ఎవ్వలను ముట్టనియ్యకపోయేటోడు అక్కా. ఇది లేకపోతే ఇన్‌స్టిట్యూట్ ఆ రోజే మూతపడేది అని చాన సార్లు చెప్పిండు. నీకు చెప్పలేదా?" అంది. నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేనూ ఇన్నేళ్ళలో ఒకసారైనా వచ్చి ఉండేదాన్ని, ఇద్దరం మొండివాళ్ళమే.

అప్పుడు దాన్ని వెనక్కి తిప్పాను. అంచు వెంబడి సన్నటి కుట్లు, ఒక్కటి కూడా వంకర పోలేదు. నీలపు నూలు కాస్త వెలిసింది. బాపు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన చేతి జంఖానాలు ఎవరెవరి పెండ్లిళ్ళలోనో, ఎవరెవరి ఇళ్ళలోనో పరిచి, చిరిగి, పోయే ఉంటాయి. మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆయన చేత్తో వేసిన పోగు అంటూ ఈ లోకంలో నాకు మిగిలింది ఇదిగో, ఈ బెత్తెడు అంచు. లలిత మంచినీళ్ళు తెచ్చేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియదు. ఈ దసరాకు మా ఇంట్లో పూజ చేసినప్పుడు దాన్ని కూడా పళ్ళెంలో పెట్టాను, కవరులోంచి తీసే పెట్టాను. సార్ రాసింది మరోసారి చదివాను. చదివి కూడా భరిణె మూత తీసి, సందుకు దూరంగా, బాపు వేసిన కుట్ల మీద, చిన్న బొట్టు పెట్టాను.